రాడ్డుకు తొడిగిన పిండి గాజు

"అక్కా, ఎడమకి తిప్పుతుంటే చేతికి ఏదో గరగరమంటోంది," అన్నాడు మా తమ్ముడు బండి దిగుతూనే. మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా అన్నాడు.

నేను గుమ్మంలో కూర్చుని పాప గౌను కుడుతున్నాను. చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

ఎల్లుండి వాడికి కొండ ఎక్కే కార్ల పందెం. బళ్ళను ఒక్కొక్కటిగా కింద నుంచి వదులుతారు. పైదాకా ఎవరు తక్కువ సేపట్లో చేరితే వాళ్ళు గెలిచినట్టు. దారిలో పద్దెనిమిది మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ "ఏమీ లేదు" అన్న మాట వాడే అన్నాడు, పళ్ళికిలిస్తూ. అప్పటి నుంచీ కళ్ళు మూసుకుంటే నాకు ఆ ఏమీ లేని పక్కే కనిపిస్తోంది.

"గరగర ఏంట్రా?" అన్నాను.

"ఏం లేదులే అక్కా. కొత్త గొట్టం కదా, ఎక్కడో రాసుకుంటున్నట్టుంది. నాలుగు రోజులు తిరిగితే అదే అరిగి నునుపవుతుంది."

మా ఆయన మెకానిక్కు. ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆయన దుకాణం. షెడ్డుకీ మా పడగ్గదికీ మధ్య ఒక్కటే గోడ, దానికో కిటికీ. తమ్ముడి మాటకు ఆయన బల్ల మీద నుంచి తలెత్తి, "గరగరమంటోంది బండి కాదురా, నీ చెయ్యి. పందెం దగ్గరపడేకొద్దీ వణుకు మొదలైంది," అన్నారు.

"నువ్వు బిగించిన బండి నడుపుతున్నాను బావా. వణక్కపోతేనే ఆశ్చర్యపోవాలి."

ఆ బండి పాతది, ఆకుపచ్చది. వాడే దానికి తాబేలు అని పేరు పెట్టుకుని, ఎవరైనా అలా పిలిస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. ఇంజనులో కాలిన పొగ బయటికి పోయే చోట కంపెనీవాళ్ళు పోత ఇనుముతో చేసిన బరువైన ముక్క ఒకటి పెడతారట. దాన్ని తీసేసి, నాలుగు సన్నటి స్టీలు గొట్టాలు వంపులు తిరుగుతూ వచ్చి ఒకదాంట్లో కలిసేదాన్ని బిగిస్తే పొగ సాఫీగా పోతుందట, బండి చురుగ్గా ఎత్తు ఎక్కుతుందట. దాన్ని హెడ్డరు అంటారు. తమ్ముడు ఎక్కడి నుంచో తెప్పించాడు. పెట్టె విప్పిన రోజు దాన్ని రెండు చేతులా ఎత్తుకున్న తీరు చూసి, నా కూతురు పుట్టినప్పుడు కూడా వీడు ఇంత జాగ్రత్తగా ఎత్తుకోలేదే అనుకున్నాను.

మూడు గొట్టాలు బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోది మాత్రం సరిగ్గా స్టీరింగు రాడ్డు మీదికే వంగి వచ్చింది. చక్రం తిప్పితే కింద ముందు టైర్లను తిప్పేది ఆ రాడ్డే. రెండింటి మధ్యా సందు లేదు. మా ఆయన దానితో మూడు రోజులు కుస్తీ పట్టి, పోయిన ఆదివారం సాయంత్రం, "అయిపోయింది," అంటూ చేతులు తుడుచుకున్నారు.

ఇప్పుడేమో గరగర.

గొట్టాలు చల్లారాక ఆయన బానెట్టు ఎత్తి లైటు వేశారు. వేలు పెట్టి గొట్టానికీ రాడ్డుకీ మధ్య అటూ ఇటూ తిప్పి చూపించారు. "ఇదిగో, చిటికెన వేలు హాయిగా తిరుగుతోంది. ఇంతకంటే సందు ఎవరికి కావాలి?"

"నన్ను చూడనివ్వండి," అన్నాను.

"చూసుకో తల్లీ. నువ్వు చూడందే మాకు ముద్ర పడదుగా."

తమ్ముడు నాకు తనిఖీ ఆఫీసరు అని పేరు పెట్టాడు. తప్పేం లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూస్తాను. పాప పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా ఊపిరి తగిలిన తర్వాత కూడా, ఆ తగిలింది నిజమేనా అని ఇంకోసారి పెడతాను. ఇద్దరూ నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నా చిటికెన వేలు పెట్టి చూశాను. నిజంగానే తిరిగింది. ఎక్కడా తగల్లేదు.

"తృప్తయిందా?" అన్నారు ఆయన.

"అయింది," అన్నాను. అవలేదు.

లోపలికొచ్చి గౌను ముగించాను. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. లెక్కలంటే నాకు టేపు మీద ఉన్నవే తెలుసు. అవి మాత్రం బాగా తెలుసు. పాప మంచం పట్టుకుని నిలబడి ఉంటే గౌను తొడిగి చూశాను. భుజాలు సరిపోయాయి, చంక సరిపోయింది, పొడవు సరిపోయింది. ముచ్చటేసింది. అంతలో అది ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపింది. చాపగానే చంక దగ్గర బట్ట బిగుసుకుపోయి, కుట్టు పటుక్కుమంది.

నేను దాన్ని ఎత్తుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

నిలబడ్డ పిల్లకు కొలత తీశాను. పిల్ల ఎప్పుడూ నిలబడే ఉంటుందా?

గౌను సగం ఊడిన పాపను చంకనేసుకుని షెడ్డులోకి వెళ్ళాను. బావా బావమరుదులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు.

"ఏవండీ, మీరు బండిని నిలబెట్టి కొలిచారు," అన్నాను.

"మరి పడుకోబెట్టి కొలుస్తారా?"

తమ్ముడికి టీ పొలమారింది.

"నవ్వకండి. ఎత్తు ఎక్కేటప్పుడు, ఒక్కసారిగా జోరు పెంచినప్పుడు ఇంజను ఉన్నచోటే ఉంటుందా, కదులుతుందా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "కొంచెం ఒరుగుతుంది. రబ్బర్ల మీద కూర్చునుంటుంది కదా. జోరు పెంచితే కుడివైపుకి ఒరుగుతుంది."

"స్టీరింగు ఏ వైపుంది?"

ఆయన బండి వైపు తిరిగారు. తమ్ముడు చెప్పాడు. "కుడివైపే."

"అయితే కదిలేటప్పుడు కొలవాలి."

"కదిలే బండిలో దూరి ఎవరు చూస్తారే? నువ్వెళ్ళి బానెట్టు కింద కూర్చుంటావా?"

అది నేను అప్పటికే ఆలోచించాను. పాప ఆడుకోవడానికి ఇంట్లోనే పిండి కలిపి పెడతాను. గోధుమపిండి, ఉప్పు, కాస్త నూనె. కొన్న రంగు బంకమట్టి ఇస్తే తినేస్తుందేమోనని భయం. ఇదీ తింటుంది, అయితే ఉప్పు తగలగానే ఊసేస్తుంది. ఆ డబ్బా తెచ్చాను. ఇంత ముద్ద తీసుకుని, చిటికెన వేలికంటే కాస్త సన్నంగా తాడులా చేసి, గొట్టం రాడ్డుకు దగ్గరగా వచ్చే చోట రాడ్డు చుట్టూ గాజులా చుట్టాను. రెండు కొసలూ కలిసిన చోట అతుకు ఊడకుండా బొటనవేలితో నొక్కాను. వేలిముద్ర పడింది.

"గొట్టం దీని దాకా రాకపోతే ఇది ఇలాగే ఉంటుంది. వస్తే నలుగుతుంది," అన్నాను.

"బావా, అక్క నా బండికి నగలు పెడుతోంది. ముందే చెబితే నెక్లెసు కూడా అడిగేవాణ్ణి."

మా ఆయన మాత్రం నవ్వలేదు. వంగి ఆ గాజును చూస్తూ, "ఇది నాకెందుకు తట్టలేదు?" అని గొణుక్కున్నారు. తర్వాత, "వీధి చివర నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తుంది చూడు, అక్కడ ఎడమ మలుపు. మూడుసార్లు ఎక్కి దిగు," అన్నారు తమ్ముడితో.

"నెమ్మదిగా వెళ్ళరా," అన్నాను నేను.

"నెమ్మదిగా వెళ్ళడానికైతే ఇంత పిండి దండగ కదక్కా."

వాడు వెళ్ళాడు. ట్యాంకు వైపు నుంచి ఇంజను మోత లేవడం, తగ్గడం, మళ్ళీ లేవడం వినిపించాయి. రెండోసారికీ మూడోసారికీ మధ్య కాస్త ఎక్కువ సేపు నిశ్శబ్దంగా ఉంది. పాప నా మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని నములుతుంటే వద్దనడానికి కూడా తోచలేదు. మూడో మోత వినిపించాకే గొలుసు దాని నోట్లోంచి తీశాను.

తిరిగొచ్చి బానెట్టు ఎత్తగానే రొట్టె కాలినట్టు కమ్మటి వాసన వచ్చింది.

ముగ్గురం వంగి చూశాం. గాజు మూడు వంతులు నేను చుట్టినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం నలిగి, కాగితమంత పలచనై, గోధుమరంగుకు కాలిపోయింది. మా ఆయన తొడుగు వేసుకున్న చేత్తో అక్కడ ముట్టుకున్నారు. అప్పడంలా విరిగింది.

"ఇదా నా గరగర," అన్నాడు తమ్ముడు మెల్లగా. "అయినా ఇంజను మరీ ఇంత ఒరగకూడదు కదా బావా?"

ఆయన లైటు తీసుకుని బండి కిందకి దూరారు. కాసేపటికి కింద నుంచే అన్నారు. "ఇంజను కింద కుడివైపు మౌంటింగు రబ్బరు చీలింది."

"అది బానే ఉండేది కదా? మొన్న నేనూ చూశాను."

ఆయన బయటికొచ్చి, లేచి నిలబడకుండా నేల మీదే కూర్చున్నారు.

"దాని కింద వాషర్లు వేశాను. నాలుగు. ఆ పక్క ఇంజను పైకి లేస్తే గొట్టం కూడా లేచి రాడ్డుకు దూరం జరిగింది. బోల్టు పొట్టిదైపోయింది. రెండే మర చుట్ల మీద పట్టుకునుంది ఇప్పుడు. రబ్బరు ఆ ఎత్తుకు తట్టుకోలేదు."

"వాషర్లెందుకు బావా? గొట్టానికి సొట్ట పెడదామన్నావుగా. సుద్దతో గుర్తు కూడా పెట్టావు నా ముందే. ఆ గుర్తు ఇంకా ఉంది చూడు."

నిజమే. నాలుగో గొట్టం వంపు దగ్గర చిన్న తెల్లటి గీత ఇంకా మాసిపోలేదు.

మా ఆయన నా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

"పాప పడుకుంది," అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ వారం పాపకు జ్వరం. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు, దానికీ లేదు, నాకూ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఎలాగో కళ్ళు మూసింది. దాని పక్కన నడుం వాల్చానో లేదో, షెడ్డులో గ్యాసు మంట బుస్సుమంది. పరుగున వెళ్ళాను. ఆయన సుత్తి ఎత్తి ఉన్నారు. "ఒక్క దెబ్బ వినపడిందంటే చూడండి, దీన్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను, మళ్ళీ రాను," అన్నాను. గొంతు లేపకుండానే, పళ్ళ బిగువున అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా ఒక గుడ్డ పరిచి, ఆ గుడ్డ మీద సుత్తిని చప్పుడు కాకుండా పెట్టారు. సాయంత్రం దాకా పిల్లి అడుగులు వేశారు. పని అయిపోయిందన్నారు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. చప్పుడు లేకుండా ఆ పని ఎలా అయిందని అడగలేదు. చప్పుడు లేకపోవడమే నాకు చాలనిపించింది.

"తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను," అన్నారాయన. "వేలు పట్టేంత సందు కనపడేసరికి, ఆ తర్వాత అన్నది మర్చిపోయాను."

"అంటే నా కథ అక్క జోలపాటలోనే ముగిసిపోయేదన్నమాట," అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యరా!" అన్నాను. అరిచేసరికి పాప ఉలిక్కిపడింది.

వేడెక్కిన గొట్టాలు చల్లారుతూ టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఆ పాతదే బిగించేయండి," అన్నాను చివరికి. "ఆ పోత ఇనుపదే. పందెం గిందెం ఏమీ వద్దు."

ఎప్పుడూ ఏదో ఒకటి అంటించే తమ్ముడు ఈసారి ఏమీ అంటించలేదు. బండి తలుపు మీద చెయ్యి వేసి, "నువ్వు వద్దంటే వెళ్ళనక్కా," అన్నాడు.

గొడవపడి ఉంటే బాగుండేది. ఏడాదిగా వాడు ఆ పందెం కోసం చేసింది నాకు తెలుసు. ఆదివారాలన్నీ ఈ షెడ్డులోనే గడిపాడు. ఆ పద్దెనిమిది మలుపులూ గోడ మీద బొగ్గుతో గీసుకుని, టీ తాగుతూ వేలితో తిరుగుతుంటాడు. ఆ గీత మీద వాడి వేలిజిడ్డు ఇంకా ఉంది.

"సొట్ట పెడితే సరిపోతుందా?" అని మా ఆయన్ని అడిగాను. "నిజం చెప్పండి. నా కోసం చెప్పకండి."

ఆయన ఆలోచించి చెప్పారు. "వాషర్లు తీసేయాలి. కొత్త రబ్బరు నా దగ్గరే ఉంది. ఇంజను దాని చోట అది కూర్చుంటే అంతగా ఒరగదు. ఒరిగినంత మేర గొట్టానికి లోపలికి సొట్ట పెట్టాలి. గొట్టం దింపి, ఎర్రగా కాల్చి కొడితే అవుతుంది. పొద్దుగూకే లోపు చెయ్యొచ్చు." ఆగి, కిటికీ వైపు చూశారు. "కానీ పాప ఇప్పుడు పడుకునే వేళ. పోనీ, దీన్ని తీసుకుని కాసేపు ఎదురింటికి వెళ్ళు."

పాప అప్పటికే నా భుజం మీద కళ్ళు నులుముకుంటోంది.

"నేనెక్కడికీ వెళ్ళను. మీరు సరిగ్గా కొట్టారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ఆఫీసరు గారు వదలరు బావా," అన్నాడు తమ్ముడు.

గొట్టాలు చల్లారాక పని మొదలుపెట్టారు. ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో ఎత్తి, వాషర్లు తీసి, చీలిన రబ్బరు తీసి, కొత్తది వేశారు. ఎత్తిన జాకీ తీసేసి, ఇంజను దాని బరువు మీద అది కూర్చున్నాకే బోల్టులు బిగించారు. ఆ నాలుగు వాషర్లనూ నా ఎదురుగా చెత్తడబ్బాలో వేశారు. హెడ్డరు దింపి, గొట్టాన్ని బల్ల మీది వైసు దవడల మధ్య బిగించారు. నేను పాపను ఉయ్యాల్లో వేసి, ఊపుతూ కిటికీ దగ్గర కూర్చున్నాను. అది నిద్రలోకి జారింది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా ఉంది.

సుద్దగీత చుట్టూ మంట తిప్పుతుంటే గొట్టం ముందు నల్లగా, తర్వాత ముదురు ఎరుపుగా, ఆ తర్వాత పండిన మిరపకాయలా అయింది. ఆయన గుండ్రటి ఇనుప కడ్డీని దాని మీద ఆనించారు, సుత్తి ఎత్తారు.

టిక్.

మళ్ళీ టిక్. టిక్.

ఎరుపు తగ్గిపోయింది. మళ్ళీ కాల్చారు. మళ్ళీ టిక్, టిక్. గొట్టానికి ఏమీ కాలేదు. తమ్ముడు బావ ముఖంలోకి చూస్తున్నాడు. ఆయన కొడుతున్నది ఇనుమును కొడుతున్నట్టు లేదు, పాపను జోకొడుతున్నట్టుంది. మధ్యమధ్య కిటికీ వైపు ఒక చూపు.

ఇలాగైతే మళ్ళీ ఏదో ఒక చప్పుడు లేని దారి వెతుకుతారు. వెతికి, అయిపోయిందంటారు. నేను సంతోషిస్తాను.

లేచి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తీశాను.

"ఏవండీ."

"వినపడుతోందా? ఇంకా మెల్లగా—"

"గట్టిగా కొట్టండి."

"లేస్తుందే."

"లేవనివ్వండి. కొట్టండి."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. గొట్టాన్ని మళ్ళీ ఎర్రగా కాల్చారు. కడ్డీ ఆనించి, భుజం దాకా ఎత్తి కొట్టారు.

రేకులు అదిరాయి. ఉయ్యాల్లో పాప చేతులు రెండూ గాల్లోకి ఎగరేసి, నోరంతా తెరిచి, ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత అందుకుంది. వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చింది. దాన్ని గుండెకు హత్తుకుని గదిలో తిరిగాను. నోటి దాకా వచ్చిన "ఇక చాలు" అనే మాటను ఎన్నిసార్లు మింగానో నాకే తెలియదు. దెబ్బలు లెక్కపెట్టాను. పదకొండు. పదకొండూ అయ్యేదాకా ఏడ్చింది. తర్వాత చప్పుడెందుకు ఆగిందని ఇంకాస్త ఏడ్చింది.

"రా, చూడు," అని పిలిచారు ఆయన.

గొట్టం చల్లారాక పట్టుకుని చూశాను. వంపు మీద పొడవాటి నునుపైన పల్లం, పిండిముద్దను బొటనవేలితో నొక్కినట్టు. ఎక్కడా పగులు లేదు. ఆయన దీపానికి ఎదురుగా పట్టి, లోపలికి కన్ను పెట్టి చూసి, "పొగకు దారి ఉంది," అన్నారు. తమ్ముడూ చూశాడు. నేనూ చూశాను. ఏం చూడాలో నాకు తెలియదు, అయినా చూశాను.

మళ్ళీ బిగించేసరికి ఎండ వాలింది. నేను కొత్త గాజు చుట్టాను. అతుకు సరిగ్గా గొట్టం వైపే వచ్చేట్టు పెట్టి, బొటనవేలితో నొక్కాను. "ఈసారి ట్యాంకు దగ్గర ఐదుసార్లు," అన్నాను.

"నెమ్మదిగానా?"

"నీ పందెం ఎలా నడుపుతావో అలా."

వాడు బండెక్కి వెళ్ళాడు. నేను ఒక్కో మోతా లెక్కపెట్టాను. ఐదు.

తిరిగొచ్చి వాడు బానెట్టు ఎత్తలేదు. పక్కకు జరిగి, "నువ్వే చూడక్కా," అన్నాడు.

గాజు ఉంది. అన్ని వైపులా ఒకే మందంతో ఉంది. గొట్టం సెగకు పైపైన కాస్త రంగు తిరిగింది, అంతే. అతుకు దగ్గర నా వేలిముద్ర, గీతలతో సహా, వేసినది వేసినట్టే ఉంది.

తమ్ముడు తల వంచి చూసి, "ముద్ర పడింది బావా," అన్నాడు. "ఇక బండి వదలొచ్చు."

"చేతికి గరగర ఉందా?"

"లేదక్కా. ఒట్టు. వెన్న మీద తిప్పినట్టుంది."

"అయితే వెళ్ళు," అన్నాను. "ఆ ఏమీ లేని పక్కకి చూడకు, అంతే."

గాజును చాకుతో కోసి తీశాను. పాప చెయ్యి చాపి లాక్కుని, కొరికి, ముఖం వికారంగా పెట్టి ఊసేసింది. మొదటి గాజు నలిగినప్పటి నుంచీ మా ఆయన నవ్వడం ఇదే మొదలు.

ఆయన చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి పాప మళ్ళీ పడుకుంది. పోయిన నిద్రంతా కలిపి ఒకేసారి పోతోంది. ఆయన చాప మీద కూర్చుని నడుం వాల్చబోతుంటే అడిగాను.

"ఆ మౌంటింగు బోల్టు గట్టిగా బిగించారా?"

"మూడుసార్లు చూశాను," అన్నారు. అనేసి, తనే ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూశారు.

"ఇంకొక్కసారి చూడండి."

విసుక్కుంటారనుకున్నాను. లేచి, లైటు తీసుకుని వెళ్ళారు. గోడకు అవతల స్పానరు బోల్టుకు పట్టిన చప్పుడు, బిగిసిన చప్పుడు. ఆ వెంటనే స్పానరు చేయిజారి నేల మీద ఖంగుమని పడింది. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారని గోడ ఇవతల నుంచే తెలిసింది.

పాప కదిలింది, పెదవులు చప్పరించింది, అటు తిరిగి పడుకుంది.

"ఏం కాదులెండి," అన్నాను కిటికీలోంచి. "పని చూసుకోండి."